తీగే థర్మామీటర్

బల్ల మీద పడున్నదాన్ని చూసి బాల్‌పెన్ను స్ప్రింగ్ ముక్క అనుకున్నాను. వేలితో తీయబోతే మా మేనల్లుడు వంటింట్లోంచే కేకేశాడు: "ముట్టుకోకండి మామయ్యా, చేతి జిడ్డు అంటుకుంటుంది!"

స్ప్రింగుకి జిడ్డంటుకుంటే ఏమవుతుందిరా అన్నాను. తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, పింగాణీ మొనలున్న చిన్న పట్టకారుతో దాన్ని ఎత్తి, కిటికీ వెలుతురులో నా కళ్ళద్దాల ముందు పెట్టాడు. ఏడు చుట్లు. అన్నీ ఒకే గుండ్రం. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు కూడా ఒక్కటే, తీగ ఎంత లావో సందు అంత. రెండు కొసలూ రెండు కాళ్ళలా ఒకే వైపుకి సమంగా దిగి ఉన్నాయి. లోపలి బోలు మూడు మిల్లీమీటర్లు. ఏ మిషను మీదో చుట్టిందేమో అనుకున్నాను. కాదట. ముందు రోజు రాత్రి, టీవీ కట్టేసి మరీ, ఒక సన్నటి స్క్రూడ్రైవర్ కాడ మీద తనే చుట్టాడట.

నేను ముప్ఫై ఏళ్ళు ఒక థర్మల్ స్టేషన్‌లో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. వేడి కొలిచే తీగలతోనే ఉద్యోగం అంతా గడిచింది. మాంచెస్టర్‌లో మేనల్లుడింటికి వచ్చి, భోజనాల బల్ల మీద మళ్ళీ ఆ తీగల్నే చూస్తానని అనుకోలేదు. పోలికలోనూ ఒక తమాషా ఉంది. మా తాత లంక పొగాకుతో చుట్ట చుట్టేవాడు. ముని మనవడు తీగ చుడుతున్నాడు.

ఆ తీగ ఈ-సిగరెట్‌లోది. మన దేశంలో వీటిని 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్సుతో నిషేధించారు, ఆ ఏడాదే అది చట్టమయింది. తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకి అమ్ముతారు, అదీ కొలతలు పెట్టి: ట్యాంకులో 2 మిల్లీలీటర్లకి మించి పట్టకూడదు, మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములకి మించి నికోటిన్ ఉండకూడదు. వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి అక్కడా ఆపేశారు. మావాడు ఏళ్ళ తరబడి కాల్చిన సిగరెట్లు మానడానికి దీన్ని పట్టుకున్నాడు. అవి మానాడు, ఇది మానలేదు. నికోటిన్ పట్టు అలాంటిది, దాన్ని గురించి నాకు భ్రమలేం లేవు. ఆ ఆవిరి పీల్చడం నాకు పట్టదు. దానికి ముందు అరగంటసేపు బల్ల మీద జరిగే పని మాత్రం రెండు వారాలపాటు కుర్చీ లాక్కుని కూర్చుని చూశాను.

సరంజామా చిన్నదే. బ్యాటరీ కరెంటుకి తీగ కాగుతుంది. తీగ బోలులోంచి దూర్చిన పత్తి వత్తి ద్రవాన్ని పీల్చి తీగకి అందిస్తుంది. ద్రవం ఆవిరవుతుంది. ఆ ద్రవంలో ఎక్కువ పాలు ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మొదటిది 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, రెండోది 290 దగ్గర. రెండూ కలిస్తే మరిగే వేడి ఆ నడుమ ఎక్కడో ఉంటుంది. వత్తిలో తడి ఉన్నంతసేపూ తీగ ఆ హద్దు దాటదు. పప్పుగిన్నెలో నీళ్ళున్నంతసేపూ అడుగంటదు కదా, ఇదీ అంతే. తడి ఇంకిపోయాక మాత్రం తీగ వేడి ఒక్క ఊపున పైకి లేస్తుంది. పత్తి మాడుతుంది. గ్లిజరిన్ విరిగి అక్రోలీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి ఘాటు విషాలు పుడతాయి. మామూలు పరికరం మనం ఎన్ని వాట్లు పెట్టమంటే అన్ని వాట్లూ పెట్టుకుంటూ పోతుంది. గిన్నె అడుగంటిన సంగతి దానికి తెలియదు.

ఎలా తెలియజెప్పాలి? అర మిల్లీమీటరు కూడా లావు లేని తీగకి థర్మామీటర్ ఎక్కడ కడతాం? కట్టినా, అదే తీగలోని వేడిని లాగేస్తుంది. ఈ చిక్కుకి విరుగుడు మా సెక్షన్‌లో రోజూ చేతుల్లో తిరిగేదే. వేడి ఎంతో తీగనే అడగాలి. లోహం వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే బడిపుస్తకాల్లో రాసే నిరోధం, పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎంతో తెలిసి, ఇప్పుడెంతో కొలిస్తే, వేడి ఎంతో లెక్క కట్టొచ్చు.

ఇది పాత విద్య. ప్లాటినం తీగ రెసిస్టెన్స్‌తో కొలిమి వేడిని కొలవొచ్చని 1871లోనే విలియం సీమెన్స్ లండన్ రాయల్ సొసైటీలో వివరించాడు. చిక్కేమిటంటే ఆయన థర్మామీటర్లు వాడినకొద్దీ మాట మార్చేవి. తీగకి మలినం అంటేది. 1887లో కేంబ్రిడ్జ్‌లో హ్యూ కాలెండర్ అనే కుర్రవాడు, తీగని శుభ్రంగా ఉంచి జాగ్రత్తగా చుడితే అది మాట తప్పదని చూపించాడు. సూత్రం ఇద్దరిదీ ఒకటే, తేడా చుట్టడంలో వచ్చింది. మేం ఆర్టీడీ అని పిలిచే థర్మామీటర్లన్నీ ఆ వంశానివే. మాకు ఎక్కువగా వచ్చేవి పీటీ-100లు: సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, నూరు డిగ్రీల దగ్గర 138.5.

కాయిల్ తీగకి ఏ లోహం వాడాలన్నది వేరే కథ. నా తరం హాస్టల్ కుర్రాళ్ళందరికీ కాయిల్ స్టవ్ గుర్తుండే ఉంటుంది. మట్టిపలక గాడిలో స్ప్రింగులా పరిచిన నైక్రోమ్ తీగ. వార్డెన్‌కి తెలియకుండా టీ కాచేవాళ్ళం. తెగితే రెండు కొసలూ కొక్కెంలా మెలేసి మళ్ళీ పెట్టేవాళ్ళం, రెండోరోజు సరిగ్గా ఆ మెలిక దగ్గరే ఎర్రగా మండి తెగేది. నైక్రోమ్‌కి 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంట్ పొందాడు. 1920ల్లో స్వీడన్‌లో ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపి కాంథాల్ తీశారు. ఈ-సిగరెట్లలో చాలాకాలం ఈ రెండే రాజ్యమేలాయి. కాంథాల్ గొప్పతనం చూడండి: వెయ్యి డిగ్రీలకి వెళ్ళినా దాని రెసిస్టెన్స్ నూటికి నాలుగు వంతులే పెరుగుతుంది. పొయ్యి చేసేవాడికి అంతకంటే సుగుణం ఏముంటుంది? థర్మామీటర్ చేసేవాడికి అదే గుడ్డితనం.

2014లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు కంపెనీ ఎవాల్వ్, డీఎన్ఏ 40 అనే చిప్ తెచ్చింది. తీగ కాగుతూండగానే దాని రెసిస్టెన్స్‌ని ఎప్పటికప్పుడు చూసి, మనం పెట్టిన హద్దు రాగానే కరెంటు తగ్గించేది. దాని కోసం కాంథాల్ వదిలేసి దాదాపు స్వచ్ఛమైన నికెల్ తీగ వాడమన్నారు. నికెల్ రెసిస్టెన్స్ డిగ్రీకి లక్షలో 600 వంతులు పెరుగుతుంది. రెండొందల డిగ్రీలు ఎక్కితే రెట్టింపు దాటుతుంది. చిప్‌కి అరిచి చెప్పినట్టే. అయితే చేతికి అది నరకమంటాడు మావాడు. దారంలా మెత్తన. చుట్టిన ఆకారం నిలవదు, వత్తి దూర్చేటప్పుడు సాగిపోతుంది. నికెల్ ఒంటికి పడనివాళ్ళ సంగతి సరేసరి. తర్వాత టైటానియం వచ్చింది, లక్షలో 350 వంతుల వరకూ పెరిగేది. బాగా ఎర్రగా కాలిస్తే దాని మీద తెల్లటి ఆక్సైడ్ పొడి లేస్తుంది, అది పీల్చేది కాదు. ఆ భయంతో మావాడు దాన్ని రెండు నెలల్లో వదిలేశాడు. చివరికి అందరూ చేరింది స్టెయిన్‌లెస్ స్టీల్ దగ్గరికి. 316ఎల్ రకం, విరిగిన ఎముకలకి ప్లేట్లు వేసేదీ ఇదే. గట్టిగా ఉంటుంది, చుట్టిన చుట్టు చుట్టినట్టే నిలుస్తుంది. ఒక్కటే లోపం. ఇది చిప్‌తో గుసగుసగా మాట్లాడుతుంది. డిగ్రీకి లక్షలో 92 వంతులు, అంతే.

ఆ గుసగుస ఎంత చిన్నదో కాగితం మీద వేసి చూశాను. మావాడి కాయిల్ చల్లగా ఉన్నప్పుడు 0.50 ఓమ్. గది వేడి 20 డిగ్రీలు అనుకుందాం. 220కి చేరితే 0.592 అవుతుంది. మొత్తం ప్రయాణం 92 మిల్లీ ఓమ్‌లు. డిగ్రీకి అర మిల్లీ ఓమ్ కూడా పడదు. మా పీటీ-100లో డిగ్రీకి 385 మిల్లీ ఓమ్‌లు వచ్చేవి. ఎనిమిది వందల రెట్లకి పైగా తేడా! పైగా మాకు మూడో తీగ ఉండేది. ఆర్టీడీ నుంచి ప్యానెల్ దాకా లాగిన వైర్ల రెసిస్టెన్స్‌ని లెక్కలోంచి కొట్టేయడానికి మూడో వైరు కలుపుతారు, ఇంకా ఖచ్చితం కావాలంటే నాలుగోది. ఈ పరికరంలో రెండే. కాయిల్ కాళ్ళు, వాటిని పట్టుకున్న స్క్రూలు, ట్యాంకు కింది మర, పరికరం లోపలి స్ప్రింగు పిన్ను, వీటన్నిటి రెసిస్టెన్సూ కాయిల్ రెసిస్టెన్స్‌లో కలిసిపోయే చిప్‌కి చేరుతుంది. ఏది కాయిలో ఏది స్క్రూవో దానికి తెలియదు.

ఇక్కడే నా పాత తప్పొకటి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫ్యాన్ బేరింగ్ వేడి అయిదు డిగ్రీలు ఎక్కువ చూపించడం మొదలెట్టింది. బేరింగ్ పోయిందని గ్రీజు పెట్టించాను, ఆయిల్ మార్పించాను, చివరికి దాన్ని విప్పించడానికి సిద్ధపడ్డాను. మా సీనియర్ వచ్చి టెర్మినల్ పెట్టె మూత తీసి, నేనే సరిగ్గా బిగించని స్క్రూని చిటికెడు తిప్పాడు. రీడింగ్ దిగింది. వదులు స్క్రూ దగ్గర రెండు ఓమ్‌లు చేరాయంతే. రెండు ఓమ్‌లు మాకు అయిదు డిగ్రీలు. మావాడి కాయిల్‌లో అదే తప్పుకి ఓమ్‌లో నూరో వంతు చాలు, ఇరవై రెండు డిగ్రీలు తేడా వచ్చేస్తుంది.

అందుకని అతను కాయిల్ పనిని తుడవడంతో మొదలెడతాడు. స్క్రూలు, వాటి గుంటలు, ట్యాంకు కింది మర, పరికరం నోరు, అన్నిటినీ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడుస్తాడు. తీగనీ అంతే. 26 గేజి, లావు 0.4 మిల్లీమీటర్లు. రీలు మీది వంపు పోయేదాకా తడిగుడ్డలోంచి రెండుసార్లు లాగుతాడు. నేను స్ప్రింగుని ముట్టుకోబోతే ఎందుకు కేకేశాడో అప్పటికి అర్థమైంది.

చుట్టడంలో అతని చమత్కారం నాకు భలే నచ్చింది. చుట్ల మధ్య సమానంగా సందు రావాలి. కాంథాల్ అయితే కాల్చగానే ఒంటి మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర కట్టుకుని, చుట్లు ఒకదానికొకటి తగిలినా కరెంటు పక్కకి దూకకుండా ఆపుతుంది. ఈ తీగల్లో ఆ భరోసా లేదు. రెండు చుట్లు తగిలాయంటే కరెంటు అడ్డదారి పడుతుంది, తగిలిన ప్రతిసారీ రెసిస్టెన్స్ ఎగిరెగిరి పడుతుంది. కంటితో చూసి సందు సమానంగా పెట్టడం మానవమాత్రుడి వల్ల కాదు. అతను రెండు తీగల్ని పక్కపక్కనే జోడించి, కాడ మీద ఒత్తుగా, ఖాళీ లేకుండా చుడతాడు. ఏడేసి చుట్లు అయ్యాక, రెండో తీగని చివర నుంచి మెల్లగా విప్పి తీసేస్తాడు. అది ఉన్నచోటల్లా సందు మిగులుతుంది. తీగ లావు ఎంతో సందు అంతే! కొలబద్ద అవసరం లేదు, తీగే కొలబద్ద.

ఒక చుట్టుకి పది మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ తీగ పడుతుంది. ఏడు చుట్లకీ, స్క్రూల దాకా దిగే కాళ్ళకీ కలిపి ఎనభై అయిదు మిల్లీమీటర్లు. ఈ లావు 316ఎల్ తీగకి మీటరుకి ఆరు ఓమ్‌ల లోపు. గుణిస్తే సగం ఓమ్. అతను మీటరు పెట్టకముందే చెబుతాడు ఎంత వస్తుందో. చెప్పినదానికీ వచ్చినదానికీ 0.02 మించి తేడా ఉంటే ఆ కాయిల్ వాడడు. ఎక్కడో ఏదో తప్పు జరిగిందని ఆ తేడా చెబుతుందట.

స్టీలు తీగ చుట్టి వదిలితే కాస్త తెరుచుకుంటుంది. కాడ లోపల ఉండగానే దాన్ని స్క్రూల మధ్యకి తెచ్చి కాళ్ళు దూరుస్తాడు. ఏ కాలు స్క్రూకి ఏ వైపు పెట్టాలన్నదీ లెక్కే. స్క్రూ కుడివైపు తిరుగుతూ బిగిసేటప్పుడు తీగని తనతోపాటు ఈడుస్తుంది. ఆ ఈడ్పు తీగని లోపలికి లాక్కునేలా కాలు పెట్టాలి. తప్పు వైపు పెడితే బిగిస్తున్నకొద్దీ బయటికి నెట్టేస్తుంది. స్విచ్‌బోర్డు బిగించే ఎలక్ట్రీషియన్ కూడా వైరు కొక్కేన్ని స్క్రూ తిరిగే వైపే వంచుతాడు. ఈ సంగతి మావాడికి ఎవరూ చెప్పలేదట, తీగలు జారిపోయి జారిపోయి తెలిసిందట. బిగింపు కూడా చూడాలి. చాలకపోతే వదులు, ఎక్కువైతే 0.4 మిల్లీమీటర్ల తీగ సగానికి నలిగి తెగుతుంది. స్క్రూడ్రైవర్‌ని పిడికిట్లో పట్టుకోడు, మూడు వేళ్ళతో పట్టుకుంటాడు, వేళ్ళు ఇక తిప్పలేనన్నచోట ఆగుతాడు. మిగిలిన కొసల్ని కట్టర్‌తో స్క్రూ అంచుదాకా నరుకుతాడు. ఒక్క మిల్లీమీటరు మిగిలినా పైన బిగించే మూతకి తగిలి షార్ట్ అవుతుంది. లోపలున్నది లిథియం బ్యాటరీ, దానితో ఆటలు కూడదు. పరికరం మీద పెట్టకముందే విడిగా ఓమ్ మీటరు మీద పెట్టి చూడడం అతను ఎన్నడూ మానలేదు.

తర్వాత పత్తి లేకుండా, పది వాట్ల కరెంటు, అర సెకను. కర్టెన్ లాగేసి చూపించాడు. మసక చీకట్లో నడిమి చుట్టు ముందు మసగ్గా ఎర్రబడి, ఆ ఎరుపు అటు మూడు చుట్లకీ ఇటు మూడు చుట్లకీ ఒకేసారి పాకింది. వెంటనే ఆపేశాడు. మళ్ళీ అర సెకను, మళ్ళీ ఆపాడు. స్టీలుని కూడా భగభగమనేదాకా కాల్చడు. ఏదైనా చుట్టు మిగతావాటికంటే ముందు ఎర్రబడితే కాడ మళ్ళీ దూర్చి, పట్టకారుతో సర్ది, మళ్ళీ చూస్తాడు. ఈ వేడికి స్క్రూలు కాస్త వదులవుతాయి. చల్లారాక మళ్ళీ మూడు వేళ్ళతో ఒక బిగింపు.

ఎరుపు సమంగా పాకడం కోసం ఇంత పాకులాట ఎందుకో నాకు మొదట అంతుపట్టలేదు. చిప్ ఉందిగా, వేడి దాటితే అదే ఆపుతుంది కదా అన్నాను. "చిప్ ఒక్కో చుట్టునీ చూడదు మామయ్యా, మొత్తం తీగనే చూస్తుంది" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న నాకు సిగ్గేసింది. నిజమే. రెసిస్టెన్స్ తీగ మొత్తానిది. కాబట్టి తెలిసే వేడి సగటు వేడి. ఒక్క చుట్టు దగ్గర వత్తి పలచబడి, అక్కడ తీగ మిగతా ఆరింటికంటే 140 డిగ్రీలు ఎక్కువ కాగిందనుకోండి. చిప్‌కి కనబడే పెరుగుదల ఇరవై డిగ్రీలే. ఏడు చుట్లలో ఒకటి పత్తిని మాడుస్తూంటే పరికరం నిశ్చింతగా ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. గిన్నె మొత్తం ఒకే మంట మీద, ఒకే నీళ్ళలో ఉడికింది గనక ఆ మెతుకు మాట నమ్ముతాం. ఇక్కడా ఆ సమానత్వాన్ని చిప్ తయారు చేయలేదు, చుట్టిన చెయ్యి చేసిపెట్టాలి. చుట్లు సమంగా, సందులు సమంగా, తడి సమంగా ఉంటేనే సగటుకి అర్థం. అప్పటిదాకా నేను చిప్ తెలివిని మెచ్చుకుంటూ కూర్చున్నాను. ఆ తెలివంతా అరువు తెలివి.

వత్తి దగ్గర మాత్రం మా అమ్మమ్మని తలుచుకోకుండా ఉండలేకపోయాను. కార్తీకమాసంలో అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, వేళ్ళకి కాస్త విభూతి అద్దుకుని, పత్తిని పాయ తీసి అరచేతుల మధ్య తిప్పితే ఒకే లావున వత్తులు జారేవి. మేనల్లుడు పత్తి పాయ తీసే తీరు అచ్చం అదే. తేడా ఒక్కటి. దీపం వత్తికి మెలి ఉండాలి, దీనికి ఉండకూడదు. మెలిపెడితే ద్రవం తొందరగా ఎక్కదు. పీచులన్నీ ఒకే వైపుకి దువ్వినట్టుండాలి. బోలులోంచి లాగుతూంటే చిన్న పట్టు తెలియాలి, కాయిల్ మాత్రం కదలకూడదు. లావెక్కువైతే పత్తి నొక్కుకుపోయి లోపలికి తడి రాదు. పలచనైతే చుట్టుకీ పత్తికీ మధ్య గాలి చేరి, అక్కడ తీగ ఎండగా కాగుతుంది. ఆ సరిపాటు ఎలా తెలుస్తుందని అడిగాను. లాగేటప్పుడు చప్పుడొస్తుందట. చెవి దగ్గర పెట్టి లాగి వినిపించాడు. కొత్త నోటు మీద వేలు రాసినట్టు ఒక సన్నటి చప్పుడు. నా చెవులకి సరైనదానికీ కానిదానికీ తేడా తెలియలేదని ఒప్పుకుంటాను. బయటికి మిగిలిన తోకల్ని కత్తిరించి, దువ్వి, కొస పలచన చేసి ట్యాంకు కాలవల్లోకి నొక్కకుండా వాలుస్తాడు.

ఇక చల్లటి రెసిస్టెన్స్‌ని చిప్‌కి అప్పగించే ఘట్టం. దీన్ని వాళ్ళు లాక్ చేయడం అంటారు. లెక్కంతా ఆ ఒక్క అంకె మీద నిలబడుతుంది. చిప్‌కి 20 డిగ్రీల దగ్గర ఇంత అని చెబితే, అక్కడి నుంచి పైకి లెక్కపెట్టుకుంటుంది. కాయిల్ ఇంకా యాభై డిగ్రీల వెచ్చదనంలో ఉండగా లాక్ చేస్తే? నేను కాగితం తీశాను. 0.50కి బదులు 0.514 అని రాసుకుంటుంది. 220 దగ్గర ఆపమంటే నిజానికి 255 దగ్గర ఆపుతుంది. తడి ఉన్నంతసేపూ తెలియదు, ఆరిన రోజున తెలుస్తుంది. మావాడు లాక్ చేసేముందు ట్యాంకుని కిటికీ పక్కన పెట్టి పావుగంట కూర్చుంటాడు. టీ పెడతాడు. తాగుతాం. అప్పుడు తీసి, ఆరారగా మూడుసార్లు కొలుస్తాడు. మూడుసార్లూ మూడో స్థానం దాకా ఒకే అంకె వస్తేనే లాక్. లేకపోతే విప్పుతాడు. పరికరం లోపలి తీగలకీ పిన్నుకీ ఎంత రెసిస్టెన్స్ ఉందో కూడా విడిగా కొలిచి, చిప్ సెట్టింగుల్లో తీసివేతగా పెట్టాడు. మా మూడో వైరు చేసే పనిని అతను ఒక కూడిక తీసివేతతో చేశాడన్నమాట. అది చూసినప్పుడు లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది, కారణం చెప్పలేను.

ఆఖరి పరీక్షకి అతను పత్తిని బలి ఇస్తాడు. ఇంకా ద్రవం పోయకుండా, ఎండు వత్తితోనే, 200 డిగ్రీలు పెట్టి మీట నొక్కుతాడు. మామూలు పరికరమైతే పత్తి భగ్గుమనాలి. కొన్ని సెకన్లు నొక్కి, పత్తిని బయటికి లాగి విప్పి చూస్తాడు. చుట్లు తగిలినచోట ఏడు లేత గోధుమరంగు గీతలు, చీరె అంచు మీది చారల్లాగా. నలుపు లేదు. ఏడు గీతలూ ఒకే రంగులో ఉన్నాయా, ఒకటి ముదిరిందా అని అద్దం పెట్టి చూస్తాడు. ఈ రంగులు చూసే తీగ అంకెని కూడా సర్దుతాడు. 316ఎల్‌కి లక్షలో 92 అని కొందరు, 88 అని కొందరు లెక్క కడతారు. 200 డిగ్రీల ఎత్తులో ఆ తేడా తొమ్మిది డిగ్రీలవుతుంది. అచ్చులో ఉన్న అంకె కంటే పత్తి మీది గీత మీదే అతనికి గురి. తర్వాత కొత్త వత్తి పెట్టి, ద్రవం పోసి, అది పూర్తిగా నానేదాకా ఇంకో పది నిమిషాలు ఆగుతాడు. వాట్ల అంకె ఎంత పెట్టాలి, వేడి అంకె ఎంత పెట్టాలి అన్న చర్చ అతను ఆ తర్వాత రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు, నాకూ అది పెద్దగా పట్టలేదు.

ఇదంతా పాతబడుతున్న విద్యే. ఫ్యాక్టరీలో మూతేసి వచ్చే పాడ్‌లు, రేకుని జల్లెడలా కోసి చేసే మెష్ కాయిల్స్ చేతికొచ్చాక, తీగ కొని చుట్టుకునేవాళ్ళు పలచబడ్డారని అతనే చెప్పాడు. పాత రీళ్ళు రెండు కొని అట్టపెట్టెలో దాచుకున్నాడు. పొగ అలవాటు తగ్గితే సంతోషించేవాడినే నేను. అయినా జోడుతీగ చుట్టి ఒకటి విప్పే ఆ చెయ్యి కూడా దాంతోపాటు పోతుందంటే మనసొప్పలేదు. ఆ చెయ్యి ఇంకే పనిలోకైనా వెళ్ళొచ్చు. మా సెక్షన్‌లోకి వచ్చి ఉంటే నేను కళ్ళకద్దుకుని తీసుకునేవాణ్ణి.

బయల్దేరే ముందురోజు నన్నూ ఒకటి చుట్టమన్నాడు. జోడుతీగ పట్టుకున్నాను. ఏడు చుట్లు వచ్చాయి, రెండో తీగ విప్పాను, సందులు బాగానే పడ్డాయి అనుకున్నాను. కాళ్ళు సరైన వైపే పెట్టాను, మూడు వేళ్ళతోనే బిగించాను. మీటరు మీద పెట్టాడు. 0.53. కాసేపాగి మళ్ళీ పెడితే 0.56. మరోసారి 0.52.

"స్క్రూ వదులేమో" అన్నాను.

అద్దం తెచ్చి చాలాసేపు చూశాడు. స్క్రూలు బాగానే ఉన్నాయట. నరికేటప్పుడు కట్టర్ అంచు ఎడమ కాలికి తగిలి, తీగ సగం దాకా తెగి వేలాడుతోందట. నాకు అద్దంలోంచి చూసినా కనబడలేదు. అతను మాటాడకుండా రెండు స్క్రూలూ వదులుచేసి, నా కాయిల్‌ని పట్టకారుతో తీసి పక్కన పడేసి, రీలు నా వైపు జరిపాడు.

"మళ్ళీ చుట్టండి మామయ్యా. టీ పెడతాను."